చక్రపాణి గారు చూసిన మెక్సికో

చక్రపాణి గారిని నేను మొదటిసారి చూసింది మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ చెత్త డబ్బాల దగ్గర. డిసెంబర్ చివరి వారం. అమెరికాలోని పార్సిప్పనీలో చలి ఎముకలు కొరుకుతోంది. ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని, తనకు రెండు సైజులు పెద్దదైన అల్లుడి జాకెట్ తొడుక్కుని, ఎవరో పారేసిన టీవీ అట్టపెట్టెను కత్తెరతో చదరపు ముక్కలుగా కోస్తున్నారు. నేను ఆగి చూస్తుంటే, "తెలుగువాళ్ళేనా నాయనా?" అని అడిగారు. నేను తలూపగానే, "బొమ్మలు గీసుకోవడానికి. ఇంత మంచి అట్ట పారేస్తారేమప్పా ఈ దేశంలో!" అన్నారు.

నా పేరు రవికాంత్. ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. సాయంత్రం లాప్‌టాప్ మూశాక కాంప్లెక్స్ చుట్టూ నాలుగు రౌండ్లు నడవడం నాకు అలవాటు. మర్నాటి నుంచి ఆయన కూడా నాతో నడవడం మొదలుపెట్టారు.

ఆయనది కర్నూలు. వయసు డెబ్భై. పురావస్తు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గానే రిటైరయ్యారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు రాకముందు, మునిగిపోయే గుళ్ళు కొన్నింటిని విప్పి ఎత్తు మీద మళ్ళీ కట్టారు కదా, అప్పుడు రాయి రాయికీ తెల్లరంగుతో నంబరు వేసి, ఏ రాయి ఎక్కడిదో కాగితం మీద గీసిన కుర్రవాళ్ళలో ఆయన ఒకరు. "శిల్పం గీసే పని పెద్దోళ్ళది. నాది గోడల పని. గోడ ఎంత వంగింది, ఎక్కడ నెర్రె ఇచ్చింది, అదీ నేను రాసేది" అనేవారు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఒక్కతే కూతురు శ్రీవల్లి. ఆమె, భర్త నీరజ్, ఏడేళ్ళ కూతురు మైత్రి మా కాంప్లెక్స్‌లోనే ఏడో బిల్డింగ్‌లో ఉండేవారు.

ఫిబ్రవరిలో శ్రీవల్లికి వీసా స్టాంపింగ్ పని పడింది. హైదరాబాద్‌లో స్లాట్లు లేవు, మెక్సికో సిటీలో దొరికింది. నీరజ్‌కు లీవ్ లేదు, మైత్రికి స్కూలు. అమెరికా వీసా ఉన్నవాళ్ళకు మెక్సికో వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు గనుక తండ్రిని తోడు తీసుకెళ్ళింది. నాలుగు రోజుల ప్రయాణమని వెళ్ళారు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఒక కాగితం చేతికిచ్చి, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్, అంటే ఇంకా పరిశీలించాలని చెప్పి, పాస్‌పోర్ట్ ఉంచేసుకున్నాడు. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేమన్నాడు. నాలుగు రోజులు పంతొమ్మిది రోజులయ్యాయి.

ఆ పంతొమ్మిది రోజుల సంగతి ఆయన నాకు నడుస్తూ నడుస్తూ, వారాల తరబడి చెప్పారు. అట్టముక్కల మీద గీసుకొచ్చిన బొమ్మలు జాకెట్ లోపలి నుంచి తీసి, వీధి దీపం కింద ఆగి చూపించేవారు.

శ్రీవల్లి హోటల్ గదిలో కర్టెన్ వేసుకుని, ఫోన్‌లో వీసా స్టేటస్ పేజీ చూస్తూ కూర్చునేదట. బయటి దేశం నుంచి పనిచేయడానికి వీల్లేదని కంపెనీ చెప్పేసింది. ఆమె కోసం వాళ్ళు ఎన్నాళ్ళు ఆగుతారో తెలియదు. "నువ్వన్నా బయటికి పోయిరా నాన్నా, ఇద్దరం ఇట్లా గోడల్ని చూస్తా కూర్చుంటే పిచ్చెక్కుతాది" అందట. ఆయన హోటల్ అడ్రస్ కార్డు జేబులో పెట్టుకుని రోజూ బయల్దేరారు.

మొదటి రోజు వెళ్ళింది పెద్ద మైదానం పక్కనున్న ప్రధాన చర్చికి. లోపల అడుగు పెట్టగానే ఆయనకు తేడా తెలిసింది.

"కాలికి తెలిసింది రవీ, కంటికి కాదు. వాకిలి నించి లోపలికి నడుస్తాంటే ఎవరో వెనక నించి మెల్లగా తోస్తా ఉన్నట్టు ఉండాది. తల ఎత్తి చూస్తే, పైన గోపురం నించి కిందిదాకా ఒక తాడు. తాడు చివర ఇంత గుండు. మన మేస్త్రీలు గోడ నిట్టనిలువుగా ఉందా లేదా అని దారానికి గుండు కట్టి చూస్తారు చూడు, అదే. కింద నేల మీద గీతలు. ఆ గుండు ఏ కాలంలో ఎక్కడుండేదో చెప్పే గీతలు. గుండు కదల్లేదప్పా. చర్చి కదిలింది."

ఊరంతా చెరువు మీద కట్టిందట. పాతకాలపు రాజ్యం వాళ్ళ పెద్ద గుడి ఆ పక్కనే ఉండేది. స్పెయిన్ వాళ్ళు వచ్చి దాన్ని పడగొట్టి, ఆ రాళ్ళతోనే తమ కట్టడాలు కట్టుకున్నారు. తర్వాత చెరువు ఎండబెట్టారు. ఇప్పుడు బోర్లు వేసి అడుగు నీళ్ళు తోడుతున్నారు. ఊరు ఏటేటా కిందికి దిగుతోంది, ఒక్కోచోట ఒక్కో లెక్కన. ఒక విజయస్తంభానికి కట్టినప్పుడు తొమ్మిది మెట్లుంటే, చుట్టూ నేల దిగిపోయిందని తర్వాత ఇంకో పద్నాలుగు మెట్లు కట్టారట. ఆయన ఎక్కి లెక్కపెట్టి వచ్చారు.

"ఇంతమంది ఆ వీధుల్లో టీలు తాగుతా, ఫోన్లు మాట్లాడుకుంటా తిరుగుతాంటే నాకు లోపల ఒకటే దడ. వీళ్ళకి తెలీదా? తెలుసు. అందరికీ తెలుసు. తెలిసే తిరుగుతా ఉండారు."

పడగొట్టిన గుడి అడుగుభాగం తవ్వి బయటపెట్టారు. ఒకదాని మీద ఒకటి, ఉల్లిపొరల్లా ఏడుసార్లు పెంచిన గుడి అది. దాని పక్కన రాతితో చెక్కిన పుర్రెల గోడ ఉంది, వరసలు వరసలుగా. వాటికి సున్నం పూత. అది చూసి చెక్కడమే కదా అనుకున్నారట. మ్యూజియం లోపలికి వెళ్ళాక తెలిసింది, ఆ దగ్గర్లోనే నిజం పుర్రెలను సున్నంలో పేర్చి కట్టిన గుండ్రటి కట్టడం ఈ మధ్యే దొరికిందని. ఆడవాళ్ళవి, చిన్నపిల్లలవి కూడా ఉన్నాయని.

"ఎక్కడికి పోయినా లెక్కపెట్టడం నా వృత్తి. ఆ రాతి పుర్రెల్ని ఒక వరస లెక్కపెట్టినా, రెండో వరస మొదలుపెట్టినా. సగంలో చెయ్యి ఆగిపోయింది. సూడు, బొమ్మలో కూడా సగమే ఉండాది."

నేను చూశాను. పుర్రెలు సగం దాకా శ్రద్ధగా గీసి, మిగతా సగం అట్ట ఖాళీగా వదిలేసి ఉంది.

శ్రీవల్లి ఆయనతో బయటికి వచ్చింది ఒక్కరోజే, పెద్ద మ్యూజియానికి. అక్కడొక అమ్మవారు ఉంది. నిలువున్నర ఎత్తు రాయి. పాములు అల్లిన పరికిణీ. మెడలో నరికిన చేతులు, గుండెకాయలు గుచ్చిన దండ, మధ్యలో పుర్రె. తల ఉండాల్సిన చోట తల లేదు. తెగిన మెడలోంచి లేచిన రెండు పాములు ఎదురెదురుగా మూతులు కలిపి, అవే ఒక ముఖంలా కనిపిస్తాయి. చక్రపాణి గారు తనకు తెలియకుండానే చేతులు జోడించారట.

"మన సుంకులమ్మ గుర్తొచ్చింది. జాతరలో చూసిన సుంకులమ్మ కాదు, చిన్నప్పుడు జ్వరంలో కలలోకి వచ్చేది చూడు, ఆ సుంకులమ్మ."

శ్రీవల్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, పోదాం పా. ఆమె నన్నే చూస్తా ఉంది."

"చూడ్డానికి ఆమెకి తల ఏదమ్మా?"

"అందుకే పోదామంటున్నా."

ఆ విగ్రహం మైదానం తవ్వుతుంటే దొరికిందట, రెండు వందల ఏళ్ళ కిందట. తెచ్చి ఒక విద్యాలయం ఆవరణలో పెడితే, జనం రహస్యంగా వచ్చి పూలు, దీపాలు పెట్టడం మొదలుపెట్టారు. మతగురువులు భయపడి మళ్ళీ మట్టిలో పూడ్చేశారు. ఇంకో సంగతి కూడా అక్కడ రాసి ఉంది. విగ్రహం అడుగున, నేలకు ఆనే వైపు కూడా నిండా చెక్కడం ఉందట, నిలబెట్టాక మనిషి కంటికి ఎప్పటికీ కనబడనిది. దాని గురించి చెప్పేటప్పుడు చక్రపాణి గారు నడక ఆపేసేవారు. "అది మనకోసం చెక్కింది కాదు రవీ. కింద ఉండేదానికి చూపించడానికి చెక్కింది."

ఊరి బయట పిరమిడ్లకు బస్సులో ఒక్కరే వెళ్ళారు. ఆ పిరమిడ్ల ఊరిని కట్టినవాళ్ళెవరో, వాళ్ళ భాషేదో నేటికీ తెలియదు. తర్వాత వచ్చిన రాజ్యం వాళ్ళకే అది శిథిలం. పాడుబడ్డ ఊరు చూసి, దేవతలు కట్టారనుకుని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. ఎక్కనివ్వరు గనుక కిందినుంచే చూశారు. గోడల్లో సున్నం మధ్య చిన్నచిన్న గులకరాళ్ళు గుచ్చి ఉన్నచోట ఆగిపోయారు. పాతది ఎంతవరకు, ఈ కాలంలో కట్టింది ఎక్కడినుంచి అని తెలియడానికి అలా గుచ్చుతారట. "మేం నంబర్లు వేసినట్టే. అబద్ధం ఆడకుండా కట్టినారు" అన్నారు మెచ్చుకుంటూ. ఈకల పాము గుడి గోడ నుంచి పాముతలలు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ గుడి పునాదిలో, చేతులు వెనక్కి విరిచి కట్టిన మనుషుల ఎముకలు వందల్లో దొరికాయని గైడ్ ఎవరికో ఇంగ్లిష్‌లో చెబుతుంటే విని, ఆయన ఆ నేల మీద నుంచి రెండడుగులు వెనక్కి వేశారట.

పదహారో రోజు ఒక వాలిపోయిన చిన్న చర్చి దగ్గర ఆయనకు ఒక చుట్టం కనబడినట్టయింది. గోడ నెర్రె మీద అడ్డంగా అంటించిన గాజుపట్టీ, దాని పక్కన తేదీ. గోడ కదిలితే గాజు పగులుతుంది. మన పురావస్తు శాఖలోనూ అదే చేసేవాళ్ళు. అక్కడి పనివాణ్ణి సైగలతో దాని పేరేమిటని అడిగితే "తెస్తీగో" అన్నాడట. ఫోన్‌లో చూస్తే ఆ మాటకు అర్థం సాక్షి. అక్కడున్న ఏడు గాజుపట్టీల్లో ఐదు పగిలి ఉన్నాయి.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం హోటల్‌లో భోజనం చేస్తుండగా వీధిలో సైరన్ మోగింది. భూకంపం హెచ్చరిక. శ్రీవల్లి చెప్పుల్లేకుండా నాలుగంతస్తులు దిగింది. వీధి నిండా జనం. ఎవరూ అరవలేదు. కరెంటు తీగలు ఊగాయి, ఎక్కడో కుక్కలు మొరిగాయి, అంతే.

"అంతమందీ తలలెత్తి గోడల్ని చూస్తా ఉండారు రవీ. ఒక్కరు కూడా పక్కవాళ్ళ మొహం చూడలేదు. పది నిమిషాలకి మళ్ళీ లోపలికి పోయి, వదిలేసిన అన్నం తిన్నారు. ఆ పొద్దు అర్థమయింది నాకు. గోడ ఎప్పుడూ చెప్తానే ఉంటాది. వినేవాళ్ళుండాల."

మర్నాడు పాస్‌పోర్ట్ వచ్చింది.

తిరిగొచ్చిన నాలుగో రోజు, మార్చి మొదట్లో, నడుస్తూ నడుస్తూ ఆయన ఐదో బిల్డింగ్ వెనక ఆగిపోయారు. నేనుండేది ఐదో బిల్డింగ్‌లో, పల్లంలో. శ్రీవల్లి వాళ్ళ ఏడో బిల్డింగ్ గట్టు మీద. రెండింటి మధ్య మట్టిని ఆపడానికి రాళ్ళలాంటి కాంక్రీటు దిమ్మలతో కట్టిన పెద్ద గోడ, నిలువున్నర ఎత్తు ఉంటుంది. గోడ కింద మా కార్ల పార్కింగ్. దాని చివర స్కూలు బస్సు ఆగే చోటు. రోజూ పొద్దున పదిహేను మంది పిల్లలు అక్కడ నిలబడతారు. రెండేళ్ళుగా దాని పక్కన కారు పెడుతున్న నేను ఆ గోడను ఏనాడూ చూడలేదు.

"గోడకి పొట్ట వచ్చింది" అన్నారాయన.

నాకేమీ కనబడలేదు. ఆయన నా తల పట్టుకుని గోడకు ఆనించి, ఒక కన్ను మూసి చూడమన్నారు. అప్పుడు కనబడింది. మధ్యలో గోడ నిండు చూలాలిలా ముందుకు వచ్చి ఉంది.

"ఎప్పటినించో అలాగే ఉందేమో అంకుల్."

"ఉండొచ్చు. ఆ బొక్కలు సూడు. మట్టిలో నీళ్ళు బయటికి రావడానికి పెట్టినవి. నిన్నంతా మంచు కరిగింది గదా, వాటిల్లో ఒక్క చుక్క తడి లేదు. మరి ఆ నీళ్ళు యాడికి పోయినట్టు?"

మర్నాడు ఆయన మైత్రి సైన్స్ కిట్‌లోని గాజుపలకలు మూడు తీసుకొచ్చి, దిమ్మల మధ్య నెర్రెల మీద జిగురుతో అంటించారు. పక్కన సుద్దముక్కతో తేదీ వేసి, తన నోట్‌బుక్‌లోనూ రాసుకున్నారు. తొమ్మిదో రోజుకు ఒకటి పగిలింది. ఇరవయ్యో రోజుకు మూడూ పగిలాయి.

నీరజ్ లీజింగ్ ఆఫీసుకు మెయిల్ పెట్టాడు. ఆ గోడను నిరుడే ఇన్‌స్పెక్ట్ చేశామని జవాబు వచ్చింది. చక్రపాణి గారు గీసిన కొలతల బొమ్మ జత చేసి మళ్ళీ పెట్టాడు. ఈసారి వచ్చింది జవాబు కాదు, నోటీసు. కాంప్లెక్స్ గోడల మీద రాతలు రాయడం, వస్తువులు అంటించడం లీజ్ వయొలేషన్ అని.

శ్రీవల్లి బెదిరిపోయింది. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను.

"నాన్నా, ప్లీజ్. మెక్సికోలో ఏం పడ్డామో నువ్వే చూశావు కదా. ఇప్పుడు రోజులు బాగా లేవు. కంప్లైంట్లు, గొడవలు మనకెందుకు? ఇక్కడ మనం ఎవరం?"

"ఇక్కడ ఉండేవాళ్ళం గదమ్మా."

"నువ్వు విజిటర్‌వి నాన్నా. జూన్‌లో వెళ్ళిపోతావు."

నీరజ్ టీవీ సౌండ్ పెంచాడు.

ఆయన మాట విన్నది ఒక్కడే, కాంప్లెక్స్‌లో మెయింటెనెన్స్ పనులు చేసే యుసేబియో. నలభై ఏళ్ళుంటాయి, మెక్సికోలో వహాకా వైపు మనిషి. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. చక్రపాణి గారు అట్ట మీది తలలేని అమ్మవారి బొమ్మ చూపిస్తే, యుసేబియో నవ్వి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత ఆయన గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. యుసేబియో అరచెయ్యి గోడకు ఆనించి చాలాసేపు ఉంచాడు. ఒక ఇనుపచువ్వ తెచ్చి నీళ్ళ బొక్కలో దోపాడు. నీళ్ళు రాలేదు. మెత్తటి, నల్లటి బురద పాములా సాగుతూ బయటికి వచ్చింది. అతను చువ్వ వెనక్కి లాగేసి, మా ఇద్దరినీ గోడకు దూరంగా రమ్మని చేత్తో సైగ చేశాడు. "ఆఫీసులో నేను చెబుతాను" అన్నాడు వచ్చీరాని ఇంగ్లిష్‌లో.

చెప్పాడో లేదో తెలియదు. ఏప్రిల్ చివర్లో ఒక సోమవారం నుంచి అతను పనికి రాలేదు. అడిగితే ఆఫీసులో అమ్మాయి, అతనిప్పుడు మా దగ్గర లేడు అని మాత్రం అంది. కాగితాల్లేనివాళ్ళను పట్టుకెళ్తున్న రోజులవి, ఎందుకు లేడో ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. మేమూ అడగలేదు.

మేలో వానలు పట్టుకున్నాయి. ఏడో బిల్డింగ్ పార్కింగ్‌లో, గోడ పైఅంచుకు సమాంతరంగా తారు మీద సన్నటి నెర్రె పడింది. ఫెన్సింగ్ కర్ర ఒకటి పక్కకు ఒరిగింది. చక్రపాణి గారికి నిద్ర తగ్గింది, మనిషి ఎండిపోయారు. నాతో నడిచేటప్పుడు మాటలు కూడా తగ్గిపోయాయి. ఒకసారి మాత్రం, "నువ్వన్నా కారు ఇంకోచోట పెట్టుకో నాయనా" అన్నారు.

"అది నా అసైన్డ్ స్పాట్ అంకుల్. వేరే చోట పెడితే టో చేసి లాక్కెళ్తారు."

ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. మెక్సికోలో ఆ వీధుల్లో టీ తాగేవాళ్ళను అలాగే చూసి ఉంటారు.

ఆ తర్వాతి వారం నుంచి ఆయన కొత్త పని మొదలుపెట్టారు. పొద్దున ఏడుంపావుకే రంగు సుద్దముక్కల డబ్బా పట్టుకుని, బస్సు ఆగే చోటికి దూరంగా, పోస్ట్ బాక్సుల ముందున్న కాంక్రీటు నేల మీద కూర్చునేవారు. నేల మీద పాము గీసేవారు, ఒంటినిండా ఈకలతో, నోరు తెరిచి, కోరలతో. రోజుకు ఒక మూరెడు. తల ఒకరోజు, మెడ ఒకరోజు. పిల్లలు ఒక్కొక్కరే గోడ దగ్గరినుంచి అటు చేరారు. వారం తిరిగేసరికి పదిహేనుమందీ అక్కడే. బస్సు వస్తే అక్కడినుంచి పరిగెత్తేవారు. మైత్రి వాళ్ళందరికీ లీడర్. "తాతా, టుడే తోక వేస్తావా? వాళ్ళు నన్ను అడుగుతున్నారు" అనేది. వాన పడి చెరిగిపోతే మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

పాము అయ్యాక పుర్రెల వరస మొదలుపెట్టారు. ఒకరిద్దరు తల్లులకు నచ్చలేదు. పిల్లలకు భయం పుట్టే బొమ్మలేమిటని వాట్సాప్ గ్రూప్‌లో రాశారు. నా భార్య త్రివేణి కూడా, "పెద్దాయనకు కొంచెం మెంటల్ స్ట్రెస్ ఉన్నట్టుంది, శ్రీవల్లికి చెప్పకూడదూ?" అంది. నేను చెబుతానన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను.

జూన్ ఐదు, గురువారం. రెండు రోజులు ఎడతెగని వాన కురిసి ఆ రోజు తెరిపిచ్చింది. ఎండ ఫెళ్ళున కాసింది. ఎనిమిదింటికి ఆఫీసు కాల్ ఉంది. ఇంట్లో త్రివేణి కూడా కాల్‌లో ఉందని నేను వెళ్ళి కారులో కూర్చుని మాట్లాడుతున్నాను. ఎడమవైపు అద్దంలో గోడ, ఎదురుగా దూరంగా పిల్లలు, వాళ్ళ మధ్య వంగి గీస్తున్న చక్రపాణి గారి మంకీ క్యాప్.

మొదట చిన్న చప్పుడు, ఎవరో వేళ్ళు విరుచుకున్నట్టు. తర్వాత అలాంటివే వరసగా నాలుగైదు. ఆయన తల ఎత్తి గోడను చూశారు. నన్ను చూశారు. చెయ్యి ఊపుతూ నా వైపు పరిగెత్తారు, డెబ్భై ఏళ్ళ మనిషి. "దిగు! దిగప్పా!" అన్నది వినబడింది. నేను తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టాను.

గోడ విరిగి పడలేదు. పొట్ట పగిలినట్టు మధ్యలో తెరుచుకుంది. మట్టి, నీళ్ళు, దిమ్మలు కలిసి ఒక్కసారిగా దిగాయి. బస్సు ఆగే చోట గుర్తుగా పాతిన స్తంభం కనబడకుండా పోయింది. మూడు కార్లు కూరుకుపోయాయి. అందులో నాది ఒకటి. తలుపు నా ఎడమ మోకాలి మీద మూసుకుంది. అంతకుమించి నాకు గుర్తులేదు.

నాకు రెండు ఆపరేషన్లు జరిగాయి. వేరే ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక్క పిల్ల కూడా గోడ దగ్గర లేదు.

మూడో రోజు చక్రపాణి గారు ఆస్పత్రికి వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. ఎవరో ఆయన ఫోటో గ్రూప్‌లో పెట్టి హీరో అని రాశారని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నలభై ఏడేళ్ళ కిందటి మాట రవీ. ఒక గుడి విప్పుతా ఉండాం. ప్రాకారం గోడకి పొట్ట వచ్చింది. నేను చూసినా. కొత్తగా చేరినోణ్ణి, ఇంజనీర్ గారికి చెప్తే ఏమంటాడో అని నోరు మూసుకున్నా. మర్నాడు పొద్దున దాని కింద మద్దమ్మ అని ఒక కూలామె మట్టి ఎత్తతా ఉండాది. ఎనిమిది నెలల గర్భిణి." నా దుప్పటి అంచు సర్దారు. "ఆ గోడ రాళ్ళకి కూడా నేనే నంబర్లు వేసినా. ఇప్పటికీ ఎత్తు మీది గుడిలో ఉండాయి అవి."

ఆయన నా కాలి కట్టు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశారు. "నిన్ను గూడా గట్టిగా లాగి ఉండాల్సింది. సిగ్గుపడినా" అన్నారు.

గోడ పోయాక పైన మట్టి ఆగలేదు. నాలుగో రోజుకు ఏడో బిల్డింగ్ మెట్లకూ ఆ బిల్డింగ్ గోడకూ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వచ్చింది. లోపల ఉండకూడదని టౌన్ ఇన్‌స్పెక్టర్లు తలుపులకు ఎర్రకాగితాలు అంటించారు. ఇరవై నాలుగు కుటుంబాలు అరగంటలో చేతికందింది తీసుకుని బయటికి వచ్చాయి. శ్రీవల్లి వీసా కాగితాల ఫైలు తెచ్చుకుంది గానీ, మైత్రి పుస్తకాలు తేవడం మర్చిపోయింది. అందరూ హైవే పక్కన హోటల్‌లో దిగారు. అక్కడికి ఇన్‌స్పెక్టర్ వచ్చి చక్రపాణి గారి నోట్‌బుక్ అడిగాడు. మర్నాడు కాంప్లెక్స్ యజమానుల తరఫు లాయర్ వచ్చి అదే అడిగాడు. శ్రీవల్లి ఇవ్వొద్దని ఏడ్చింది. ఆయన అసలుది ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చి, లాయర్‌కి జిరాక్స్ ఇచ్చారు. "తేదీలన్నీ ఉండాయి, ఏం దాచుకునేది లేదు" అన్నారట తెలుగులోనే. నీరజ్ ఇంగ్లిష్‌లో చెప్పాడు.

ఆయన జూన్ పద్దెనిమిదిన వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తూ దారిలో కాంప్లెక్స్ దగ్గర ఆపమన్నారట. నేను అప్పటికి ఇంటికి వచ్చేశాను, చక్రాల కుర్చీలో ఉన్నాను. త్రివేణి నన్ను బయటికి తోసుకొచ్చింది. ఇనుపకంచె అవతల ఏడో బిల్డింగ్ కిటికీలన్నీ మూసి ఉన్నాయి. శ్రీవల్లి బాల్కనీలో తులసి కుండీ అలాగే ఉంది.

మైత్రి కంచె పట్టుకుని అడిగింది. "తాతా, మనం ఎప్పుడు బ్యాక్ లోపలికి వెళ్తాం?"

"తెలీదమ్మా" అన్నారు ఆయన. ఒట్టి మాట చెప్పలేదు.

సెప్టెంబర్‌లో ఏడో బిల్డింగ్‌ను మొత్తం పడగొట్టారు. శ్రీవల్లి వాళ్ళు ఎడిసన్‌లో అద్దెకు దిగారు. గోడ మీద కేసు ఇంకా నడుస్తోంది. చక్రపాణి గారు కర్నూలు నుంచి ఆదివారాలు ఫోన్ చేస్తారు. నా కాలు ఎలా ఉందో అడుగుతారు, మెట్లు ఎక్కుతున్నానా అని అడుగుతారు. మెక్సికో మాట ఎత్తరు. పోయిన వారం నేనే ఎత్తి, మళ్ళీ చూడాలని ఉందా అంకుల్ అని అడిగాను. "లేదు నాయనా, నిద్ర పట్టాల గదా" అన్నారు.